ఊరి ముందు చెప్పిన మాట

బరంపురం మార్కెట్లో చేపలు అమ్ముడయ్యాక, బస్సు వేళదాకా లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. సబ్బుతో, ఆపైన నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నాకే పుస్తకం ముట్టేవాణ్ణి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అయినా నిఘంటువు పక్కన పెట్టుకుని ఒడియాలో, ఇంగ్లీషులో చట్టాల పుస్తకాలు చదివాను. నలుగురి ముందు జరిగే విచారణలో సాక్షి అబద్ధమాడటానికి జంకుతాడని వాటిలోనే ఎక్కడో చదివి, నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను.

ఛత్రపురం దగ్గర ఒడ్డున మా ఊరు. చిన్నాన్న వేటకెళ్లిన పడవ బోల్తాపడి ఆయన పోయాక, పిన్నికి రావలసిన పరిహారం కాగితం ఆఫీసులో కదల్లేదు. గుమస్తాకు ఏదైనా ముట్టజెప్పాలని ఊరి పెద్దగారి అల్లుడు వచ్చి చెప్పాడు. పిన్ని చెవి కమ్మలు తీసి అతని చేతిలో పెట్టింది. కాగితం మాత్రం ఉన్నచోటే ఉంది. అవినీతి ఫిర్యాదు నేనే రాశాను.

కొన్ని నెలలకు బరంపురం నుంచి విచారణాధికారి వచ్చాడు. పిన్నిని బడిగదిలోకి పిలిచి ఒంటరిగా అడుగుతానన్నాడు. నేను అడ్డుపడ్డాను.

"తలుపేసి అడిగితే ఏటి రాసుకుంటారో ఎవులికి తెల్సు పిన్నీ? అందరి ముందే అడగమందాం."

"సదివినోడివి నాయినా. నీకెలాగ బాగుంటే అలాగే," అంది పిన్ని.

ఒడియాలో అర్జీ రాసిచ్చాను. అధికారి దాన్ని రెండుసార్లు చదివి సరేనన్నాడు.

మా ఊళ్లో తగవులన్నీ వలలు ఆరేసే చోట తీరుతాయి. అక్కడ ఒకసారి చెప్పిన మాట మళ్లీ మార్చకూడదు. మార్చిన ఇంటివాళ్లను ఎవరూ పడవ ఎక్కించుకోరు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. అయినా విచారణ అక్కడే పెట్టించాను.

ఊరంతా వచ్చింది. ఊరి పెద్ద అధికారి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. పిన్ని కొడుకు పనిచేసేది ఆయన పడవ మీదే.

"సెప్పమ్మా. నీకోసరమే అందరూ పనులు మానుకుని వచ్చినారు," అన్నాడు ఊరి పెద్ద మెత్తగా.

"లైబ్రరీ లాయరు రాసిచ్చింది మర్సిపోనాదేటి?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. జనం నవ్వారు.

కమ్మలు ఎవరికిచ్చావని అధికారి అడిగాడు. పిన్ని కొంగు చెవుల మీదికి లాక్కుంది.

"మొగుడు పోయినదానికి కమ్మలేటి బాబూ. తీసి సంద్రంలో పడేసినాను."

అధికారి రాసుకున్నాడు. వేలిముద్ర వేయడానికి సిరా డబ్బీ పట్టుకున్నది ఊరి పెద్ద అల్లుడే.

ఆ సాయంత్రం పిన్ని ఇంటికెళ్లాను. బరంపురం వెళ్లి, గదిలోనే మళ్లీ అడగమని కోరదామన్నాను.

"ఊరి ముందు సెప్పీసినాను కదా. ఇప్పుడు మారిస్తే నీ తమ్ముడు ఏ పడవెక్కుతాడు?" అంది.

తర్వాత ఉత్తరం వచ్చింది. పిన్ని ఎండుచేపలు ఏరుతూ చదవమంది. ఆరోపణ రుజువు కాలేదని రాసి ఉంది.

"మరి మీ చిన్నాన్న కాగితం?"

"ఆ గుమస్తా దగ్గరే ఉంది పిన్నీ."

చాలాసేపు చేపలు ఏరుతూనే ఉంది. నేను ఉత్తరం మడత పెట్టాను, మళ్లీ విప్పాను.

"ఆ బడిగదిలో ఆపీసరు బాబొక్కడే ఉన్నాడు నాయినా," అంది తలెత్తకుండా. "ఆయనకైతే సెప్పీదాన్ని."