ఐసుగ్లాసాయన థర్మామీటరు

ఫ్రిజ్‌లు బాగుచేసే ఆ మనిషి ఏ ఇంటికి వెళ్లినా ముందుగా గ్లాసెడు ఐసు అడుగుతాడు. దాహమనుకొని అందులో మంచినీళ్లు నింపి ఇచ్చినవారూ ఉన్నారు. ఆయన ఐసును దంచి, తడిసేటన్ని నీళ్లు పోసి, కలియబెట్టి, తన థర్మామీటరును ముంచుతాడు. సున్నా చూపితేనే దానిని నమ్ముతాడు. ‘‘నా మాటనైనా ఐసులో ముంచందే నమ్మరు’’ అని భార్య దెప్పుతూ ఉంటుంది. వీధిలో ఆయన పేరు ఐసుగ్లాసు.

ఆ ఉదయం మాత్రం, తలుపు తీసిన బాలింత ముఖం చూశాక ఐసు అడగబుద్ధి కాలేదు. ఆమె సోమవారం ఉద్యోగంలో చేరాలి. బిడ్డ కోసం పిండి దాచిన పాలన్నీ ఫ్రీజరులోనే ఉన్నాయి.

‘‘ఫ్రీజరు తలుపు తీసి ఉంచినా పైన మైనస్ పద్దెనిమిదే చూపిస్తోందండీ. సెన్సరు పోయిందేమో. పాలు పారబోయాలా?’’

‘‘ఆ అంకె మనం కోరి పెట్టింది తల్లీ, లోపల ఉన్నది కాదు. ఉన్నదెంతో చూద్దాం.’’

పాల సంచుల మధ్య థర్మామీటరు పెట్టి తలుపు మూశాడు. అది నిలకడకు వచ్చాక తీస్తే మైనస్ పన్నెండు.

వెనకే నిలబడి చూస్తున్న ఆమె అత్తగారు ముక్కున వేలేసుకుంది. ‘‘ఇన్నాళ్లూ ఈ ఫ్రిజ్ కోతలు కోసిందన్నమాట.’’

కోడలు ఒక పాల సంచిని చేతిలోకి తీసుకుంది.

ఆయన కొత్త సెన్సరు కోసం పనిముట్ల సంచిలో చెయ్యి పెట్టి ఆగాడు. కోరినంత చల్లబడిందని సెన్సరు, లేదని థర్మామీటరు, రెండు సాధనాలు రెండు మాటలు చెబుతున్నాయి. తప్పు సెన్సరుదేనని తేల్చినదెవరు?

‘‘అమ్మా, ఒక గ్లాసు ఐసు ఇప్పిస్తారా?’’

దంచిన ఐసులో థర్మామీటరు ఆరు చూపింది. మళ్లీ కలిపినా ఆరే. నిన్న అది మోటారుసైకిలు మీదనుంచి జారిపడిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. సెన్సరును ఊడదీసి అదే గ్లాసులో ముంచి, దాని నిరోధం కొలిచే మీటరు తగిలించాడు. సున్నా దగ్గర ఎంత చూపాలో అంతే చూపింది. పనిముట్ల సంచి అడుగున ఉన్న గాజు థర్మామీటరును కూడా ఐసులో పరీక్షించి, సెన్సరును యథాస్థానంలో బిగించి, గాజుదానిని పాల మధ్య ఉంచాడు. ఈసారి మైనస్ పద్దెనిమిది.

‘‘పాలకేం ఢోకా లేదు తల్లీ. సెన్సరు నిక్షేపంగా ఉంది.’’

కోడలు సంచిని మెల్లగా దాని చోట పెట్టింది.

‘‘అయితే జ్వరం రోగికి కాదు, వైద్యుడికన్నమాట’’ అంది అత్తగారు.

‘‘అంతేనండీ. రాగానే నన్ను నేను చూసుకోవలసింది.’’ ఆయన చూపు ఇంకా గ్లాసు మీదే ఉంది. ‘‘కాసిని వేడినీళ్లు ఇస్తారా? అక్కడా ఆరే తప్పుతుందో, ఎక్కువ తప్పుతుందో చూడాలి.’’

‘‘స్టవ్వు మీద ఉన్నాయి, ముంచుకో నాయనా. స్నానం మాత్రం మీ ఇంట్లోనే చెయ్యి.’’