మూడో కాన్పు

రెండో పాప పుట్టిన రోజు హిందూపురం ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ తలుపు సగం తెరిచి నర్సు నన్ను పిలిచింది. బిడ్డ క్షేమమని చెప్పింది. మొదటి సిజేరియన్ కుట్టు దగ్గర గర్భసంచి బాగా పలచబడిందని, మళ్లీ గర్భం వస్తే తల్లి ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ అంటోందట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా ఇప్పుడే చేసేయమంటారా అని అడిగింది. నా భార్యను అడిగితే, మా ఆయన్ని అడగండి అన్నదట. నేను వద్దన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నేను హిందూపురం, ధర్మవరం మధ్య తిరిగే బస్సులో కండక్టర్‌ని. ఇల్లు పెనుకొండలో. మా అమ్మకు పెళ్లయిన పదకొండేళ్లకు పుట్టాను. ఆ పదకొండేళ్లూ ఆమె ప్రతి శుక్రవారం ఉపవాసముండి చర్చిలో ప్రార్థన చేసిందట. ఎంతమందిని ఇవ్వాలో దేవుడికి తెలుసు, మనం లెక్క చెప్పకూడదు అనేది. ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి. ఆయనిచ్చేదాన్ని ఇక చాలు అంటే మా అమ్మ ప్రార్థనను కాదన్నట్టే అనిపించేది.

నా భార్యది ధర్మవరం. వాళ్లు మగ్గం నేసే హిందువులు. ఇష్టపడి, ఇరువైపులా ఒప్పించి పెళ్లి చేసుకున్నాం. మా దేవుణ్ణి ఆమె నా మాట మీదే నమ్మింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. ఆపరేషన్ ఇష్టం లేకపోతే కాపర్-టీ అయినా వేయించుకోమని, అదీ వద్దంటే నన్నయినా జాగ్రత్తపడమని. తల ఊపి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం మా పెనుకొండ చర్చి పాస్టరుగారిని అడిగాను. నా వైపే మాట్లాడతారనుకుని అడిగాను. ఆయన, "వద్దని బైబిలు వాక్యంలో యాడా లేదప్పా. మాకూ ఇద్దరే. మా ఇంటామె ఆపరేషన్ చేయించుకొనింది. డాక్టరమ్మ మాట గూడా దేవుడు చెప్పిస్తాండేదే అనుకో," అన్నారు.

నాకు ఆయన విశ్వాసం మీదే అనుమానం వచ్చింది. ఆ వారం నుంచే హిందూపురంలో మరో ప్రార్థన కూటానికి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ ఏడుగురు పిల్లల తండ్రి ఒకాయన అందరి ముందూ తన అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పేవాడు. గర్భాన్ని తెరిచేదీ మూసేదీ దేవుడే, మధ్యలో మనిషి చెయ్యి పెట్టకూడదు అనేవాడు. నేను వినాలనుకున్న మాట అదే.

ఒక సాయంత్రం చిన్నదానికి పాలిస్తూ నా భార్య కాపర్-టీ వేయించుకుంటానంది. నేను ఒప్పుకోలేదు.

"నాకు బయమైతాండాది. కనేది నేను," అంది.

"బయం నమ్మకం లేనోళ్లకి. నువ్వు ప్రార్థన చెయ్," అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. పిల్లలిద్దరినీ మా ఇద్దరి మధ్య పడుకోబెట్టడం మొదలుపెట్టింది. ఎందుకో నాకు తెలుసు. భార్య అలా దూరంగా ఉండటం తప్పని, దానికీ ఒక వాక్యం వెతికి చూపించాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

చిన్నదానికి ఏడాది నిండకముందే ఆమెకు నెల తప్పింది. హిందూపురం డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఏడో నెల నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి దగ్గరలో ఉండాలని మాత్రం చెప్పింది. అక్కడికి మా ఊరికన్నా దగ్గరని ధర్మవరంలో పుట్టింట్లో దింపాను. కూటంలో అందరూ లేచి నిలబడి మా కోసం ప్రార్థన చేశారు. ఆ రోజు నేను చాలా సంతోషపడ్డాను.

ఎనిమిదో నెల మొదట్లో ఒక ఉదయం, బస్సు పెనుకొండ దాటుతుండగా అత్త ఫోన్ చేసింది. కడుపులో నొప్పని కుప్పకూలిందని, అంబులెన్సులో అనంతపురం తీసుకుపోతున్నామని చెప్పింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది. పాత కుట్టు దగ్గర గర్భసంచి పగిలింది. బిడ్డ లోపలే పోయాడు. తల్లిని బతికించడానికి గర్భసంచి తీసేశారు. కాగితాల మీద అత్తే వేలిముద్ర వేసింది. నన్ను చూసి ఆమె తిట్టలేదు. "ఇంకొంచేపైతే నా బిడ్డ గూడా దక్కేది కాదప్పా," అని మాత్రం అంది.

బాబును తువ్వాలలో చుట్టి ఇచ్చారు. పెనుకొండ సమాధుల తోటలో పూడ్చాం. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసి, నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డారు. ముందే చెప్పాను కదా అని ఆయన అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఆసుపత్రిలో నా భార్య మంచం పక్కన కూర్చుని, అందరూ నాతో అంటున్న మాటే ఆమెతో అన్నాను. అంతా దేవుని చిత్తం అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. "దేవుని చిత్తం అనద్దు. నీ చిత్తమని చెప్పు," అంది.

అయిదు నెలలు పుట్టింట్లోనే ఉండి, పెద్దదాన్ని బడిలో వేయాలని తిరిగొచ్చింది. వండుతుంది, పిల్లల్ని తయారుచేసి పంపుతుంది. వాళ్ల కోసం ఆదివారం చర్చికి కూడా వస్తుంది. అందరూ మోకరించినప్పుడు తను మాత్రం కళ్లు తెరుచుకుని కూర్చుంటుంది. ఏడుగురు పిల్లల తండ్రి ఫోన్ చేసి, దేవుడు పరీక్షించి నీ భార్యను దక్కించాడు, వచ్చి సాక్ష్యం చెప్పు అన్నాడు. నేను వెళ్లలేదు. ఆయన మీద కోపం లేదు. ఆయన నన్ను వెతుక్కుంటూ రాలేదు, నేనే వెళ్లాను.

ప్రార్థన మానలేదు. మానితే ఏం చేయాలో తెలియక చేస్తున్నాను. కళ్లు మూసుకుంటే మాటలు రావు. మా అమ్మ ఉపవాసాలుండి తన ఒంటిని కష్టపెట్టుకుంది. నేను నా నమ్మకం బరువంతా నా భార్య ఒంటి మీద పెట్టాను.

పోయిన నెల బియ్యం మూట జరపబోయి ఆమె పొత్తికడుపు పట్టుకుని కూలబడింది. నేను పక్కన కూర్చుని, ఇన్నాళ్లకు, క్షమించమని అడిగాను.

"క్షమించినానో లేదో నాకే తెలీదు. ఇంగ అడగద్దు," అంది.

తర్వాత నెమ్మదిగా లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను మూట లోపల పెట్టి డ్యూటీకి బయలుదేరాను.