పాటల పుస్తకంలో లేని కథ

ట్రైలర్‌లోనే కథంతా చెప్పేశారని మనవరాలు ఫోన్ చూస్తూ విసుక్కుంటోంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా ఊరు కెంచార్లహళ్ళిలో అమ్మ మంచం పట్టిన ఏడాది, నాన్నతో చింతామణి పట్నం వెళ్లి అక్కడి టెంటు హాల్లో ఓ సినిమా చూశాను. అమ్మకని అక్కడ అమ్మే గులాబీరంగు పాటల పుస్తకం తెచ్చాను. అందులో కథ సగంలోనే ఆగి, "తరువాయి వెండితెరపై చూడండి" అని ఉంది.

ఆ మిగతాది నేను చెప్పబోతే అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేది.

"కడాకు ఏమయిందో చెప్పొద్దు పాపా. లేసినాక నేనే పోయి చూస్తా."

వానలు మొదలయ్యాక ఒకరోజు తనే అడిగింది.

"ఆ మిగిలిన కత చెప్పు పాపా, వింటా."

ఎన్నాళ్లకు అడిగిందని సంబరపడి చివరిదాకా చెప్పేశాను. కథ సుఖాంతమే కదా, గడపలో మల్బరీ ఆకుల గంప దించిన నాన్న ఎందుకు ఏడుస్తున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.