పన్నెండు గంటల మబ్బు

ఆకాశాన్ని ఫొటో తీసే కెమెరాను కరీంనగర్‌లోని మా డాబా మీదనే పెట్టడానికి విశ్వవిద్యాలయం వారు చెప్పిన కారణం, మా ఇంటి చుట్టూ ఎత్తైన భవనాలు లేకపోవడం. నేను ఊహించుకున్న కారణం వేరు. నేను వేళ తప్పని మనిషినని జిల్లాలో నలుగురికి తెలుసు. పరికరాలు తెచ్చిన పరిశోధక విద్యార్థిని తండ్రి గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. కనుక ఆ సంగతి ఆమెకూ చేరే ఉంటుంది.

పరికరాలు రెండు. ఒకటి, గాజు గుమ్మటం కింద కూర్చున్న కెమెరా. గంటకొక్కసారి, గంట నిండిన క్షణాన, ఆకాశాన్నంతా ఒకే గుండ్రటి బొమ్మగా తీస్తుంది. బొమ్మలోని నీలాన్ని కంప్యూటరు నిర్మలాకాశమనీ, తెలుపును మబ్బు అనీ లెక్కగడుతుంది. రెండవది, జానెడు దూరంలో, ఎండలోని అతినీలలోహిత కిరణాలను కొలిచే మీటరు. మబ్బు ఆ కిరణాలను ఎంత ఆపుతుంది, ఎంత వదులుతుంది అన్నది ఆమె పరిశోధన.

"దుమ్ము పడ్తది సార్. రోజుకొక్కపారి గా గుమ్మటం తుడిస్తె చాలు."

"ఏ వేళకు?"

"ఎప్పుడైనా సరే సార్."

పని అప్పగించి వేళ చెప్పకపోవడం ఈ తరానికి అలవాటైంది. వేళను నేనే నిర్ణయించాను: పగలు పన్నెండు గంటలు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు గాజు మీది దుమ్ము దాగదు. ఉతికిన తెల్లటి మల్లుగుడ్డను మడిచి పట్టుకొని, సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే గుమ్మటం మీద పరిచేవాణ్ణి. ఎండాకాలమంతా ఒక్కరోజు తప్పలేదు.

తొలకరికి ముందు ఆమె వెలిగిపోయే ముఖంతో వచ్చింది. పట్టికలో ఒక వింత బయటపడిందట. పదకొండు గంటలకు నిర్మలాకాశం, పన్నెండింటికి ఆకాశమంతా మబ్బు, ఒంటిగంటకు మళ్ళీ నిర్మలం. దినదినమూ ఇదే వరుస. పైగా ఆ మబ్బు కిరణాలను ఏమాత్రం ఆపడం లేదు. కంటికి ఆనని పలుచని మబ్బు అయి ఉంటుందని ఆమె గైడు అభిప్రాయపడ్డాడట. సోమవారం హైదరాబాదు సదస్సులో ఆమె చదవబోయే మొదటి పత్రం దీని మీదనే. వినడానికి తండ్రి డ్యూటీకి సెలవు కూడా పెట్టాడు.

మా ఇంటావిడ మామిడి ఒరుగుల చాట దించి అడిగింది. "పన్నెండింటికి మొగులు పడ్తదా? మరి డాబా మీద నా ఒరుగులు గలగల ఎట్ల ఎండినయ్, బిడ్డా?"

"గది కంటికి కనవడని మొగులు అమ్మా."

"కనవడదు, ఎండ నాపదు. గసొంటి మొగులు ఉంటేంది, లేకుంటేంది?"

శాస్త్రవిషయాలలో ఒరుగులు ప్రమాణం కావని నేను ఆవిడను వారించాను. రాయడానికి సంకోచమే అయినా రాయవలసిన మాట ఒకటుంది. ప్రతిరోజూ పన్నెండింటికి ఆ డాబా మీద ఉన్న మనిషిని నేనొక్కణ్ణే. తల ఎత్తినప్పుడల్లా నాకు కనిపించినది మబ్బుతునక లేని నీలాకాశమే. అయినా గీతలు గీసి అచ్చువేసిన పట్టికలో ఉన్నది గనుక నా కళ్ళనే అనుమానించాను. సాయంత్రపు నడకలో మిత్రులకు మన ఊరి మధ్యాహ్న మేఘాన్ని గురించి అరగంట ఉపన్యసించాను కూడా.

"నువ్వు మీదికెక్కంగనే సూర్యుడు సుత భయపడి దాక్కుంటుండు, హెడ్మాస్టరూ," అన్నాడు ఒక విశ్రాంత తహసీల్దారు. నేను నవ్వలేదు.

శుక్రవారం ఆమె పత్రాన్ని నాకు చూపడానికి తెచ్చింది. పట్టికలు క్రమంగా ఉన్నాయి. బొమ్మలేవని అడిగాను.

"బొమ్మలు కంప్యూటరే చూస్తది సార్. నేను అంకెలే తీసుకుంట."

"చూడనిదాన్ని గురించి రాయకూడదు. ఒకటి తెరువు."

తెరిచింది. నీలం లేదు, సూర్యుడు లేడు. తెల్లటి నేత, నిలువు పోగులు, అడ్డపోగులు, వాటి మీద నాలుగు వేళ్ళ నీడ. ఇంకొక రోజుదీ అంతే. మూడవ బొమ్మలో గుడ్డ కొంచెం తొలగి, అంచున పెదవులు బిగించిన కళ్ళద్దాల ముఖం ఒకటి కనిపించింది.

"సారూ, దొరికినవ్!" అని మా ఇంటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

అమ్మాయి నవ్వలేదు. నెమ్మదిగా, "గైడు సార్‌కు మస్తు నచ్చింది సార్. బొమ్మలు ఎవ్వరు అడుగుతలేరు. సోమవారం చదివేస్త. తర్వాత చూసుకుందాం," అన్నది.

నలభై ఏళ్ళు పరీక్షగదులలో తిరిగినవాణ్ణి. ఆ గొంతు నాకు తెలుసు. కాపీ కొట్టేవాళ్ళది కాదు. వేళ మించిపోయిందని, తప్పని తెలిసిన జవాబునే గుండ్రటి అక్షరాలతో పూర్తిచేసే మంచి విద్యార్థిది. గైడు నంబరు అడిగి తీసుకొని ఫోను చేశాను.

"మీ కెమెరా మీద నేను రోజూ గుడ్డ వేశాను," అని చెప్పాను.

"పన్నెండింటికేనా సార్?"

"సరిగ్గా పన్నెండింటికే."

ఆ 'సరిగ్గా'లోని గర్వాన్ని అప్పుడు కూడా అణచుకోలేకపోయాను. ఆయన మర్యాదస్థుడు. బొమ్మలు చూడకపోవడం తమ తప్పేనన్నాడు. కిరణాలు ఎక్కువగా పడే గంట అదే కనుక పత్రం ఆపాలనీ, ఆ గంట బొమ్మలన్నీ మళ్ళీ మొదటినుంచి తీయాలనీ అన్నాడు.

"బాపుకేం చెప్పాలె సార్?" అన్నది అమ్మాయి.

తప్పు నాదని చెప్పమన్నాను. నమ్మడన్నది. నేనే ఫోను చేసి చెప్పాను.

"ఊకోండ్రి సార్," అన్నాడు నా పాత విద్యార్థి. "మీరు తప్పు జేసుడేంది? పిల్ల తప్పు మీ మీదేసుకుంటుండ్రు. దాని సంగతి నేను చూస్త."

మచ్చలేని పేరు సంపాదించినందుకు నేను విచారించిన సందర్భం అదొక్కటే. వేరే దారి లేక, నా ముఖమున్న బొమ్మను అతని ఫోనుకు పంపించాను. చాలాసేపటికి జవాబు వచ్చింది: "సార్, మస్తు ముసలైండ్రు."

పెట్టిన సెలవు వృథా ఎందుకని అతను సోమవారం కూతురితో కలిసి మా ఇంటికి వచ్చాడు. బిడ్డను ఒక్క మాట అనలేదు. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా మెట్ల మొదట్లో కుర్చీ వేసుకొని, దారికి అడ్డంగా కాళ్ళు చాపి కూర్చున్నాడు.

"కూసోండ్రి సార్, జర."

కూర్చున్నాను. పన్నెండు దాటిన తరువాత ఆమె లాప్‌టాప్ తెరిచి, ముందు బొమ్మ చూసింది. తరువాతనే అంకె రాసుకుంది.