మోకాళ్ళ నొప్పితో ద్రాక్షారామం పై అంతస్తుకి

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. లేనివాళ్ళు కూడా చదవొచ్చు, ఎల్లకాలం అలాగే ఉండిపోరు కదా. నేను కడియం దగ్గర నర్సరీలో అంట్లు కట్టేవాణ్ణి. మామిడి కానీ, సపోటా కానీ, నేను కట్టిన అంటు బతకలేదన్నవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆ పని గొంతుక్కూర్చునే చెయ్యాలి. పొద్దున్న కూర్చుంటే మళ్ళీ అన్నం వేళకే లేవడం. ముప్పై ఏళ్ళు అలా కూర్చున్నాక మోకాళ్ళు మొరాయించాయి. నిరుడు చలికాలంలో మంచం మీంచి లేవాలన్నా మా ఆవిడ సత్యవతి చెయ్యి అందించాల్సి వచ్చింది. అప్పుడే ఆవిడ నాతో ఒక్క ముక్క అనకుండా ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి మొక్కేసింది. ఈయన తన కాళ్ళతో మెట్లెక్కి వస్తే ఇద్దరం పక్కపక్కన కూర్చుని అభిషేకం చేయించుకుంటాం అని. అక్కడి లింగం రెండంతస్తుల ఎత్తు. కింద నిలబడితే అడుగు భాగమే కనిపిస్తుంది, అభిషేకం చేసేది పై అంతస్తులో. మెట్లెక్కక తప్పదు.

రాజమండ్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, అరిగాయి గానీ ఆపరేషన్ దాకా రాలేదన్నాడు. వ్యాయామం నేర్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. నా మనవరాలి వయసుంటుంది. "తాతగారూ, కదలకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయండి" అంది. "నేను పుట్టిన దగ్గర్నుంచి కష్టపడ్డవాణ్ణమ్మా, నాకు చెప్తున్నావా" అన్నాను. "కష్టపడ్డారండీ, కానీ కూర్చున్నచోటే కూర్చుని కష్టపడ్డారు" అంది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి నొక్కి పట్టడం, కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి కాసేపు నిలపడం, పొద్దున్నే కాలవగట్టు మీద నడక, రాత్రిపూట అన్నం తగ్గించడం. ఇంతే వైద్యం. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ లెక్కపెట్టేది. ఏడు తర్వాత మళ్ళీ ఆరు అనేది. "ఏమే, లెక్క మరిచిపోయావా?" అంటే, "మాట్లాడితే మొదటికొస్తానండోయ్" అనేది. మొదటి నెల ఒళ్ళంతా పులిసిపోయి తిట్టుకున్నాను. వానలు పడేసరికి నా అంతట నేనే మంచం దిగుతున్నాను.

కార్తీకమాసంలో జనం తొక్కేస్తారని, దసరా అయిన వెంటనే ఒక బుధవారం బయల్దేరాం. పొద్దున్న ఆరింటికి కడియంలో రామచంద్రపురం బస్సెక్కాం. ఇద్దరికీ కలిపి టిక్కెట్టు వంద రూపాయల లోపే. కిటికీ పక్క కాకుండా నడవ పక్క సీటు తీసుకోండి, కాలు చాపుకోవచ్చు. మండపేటలో బస్సు కాసేపు ఆగితే దిగి అటూ ఇటూ నడుస్తున్నాను. కండక్టరు కేకేశాడు. "పెద్దాయనా, బస్సు కదులుతోందండీ!" "నీ బస్సు కంటే ముందు నా కాలు కదలాలయ్యా" అన్నాను. విసుక్కున్నాడు గానీ ఆపాడు. రామచంద్రపురంలో ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం. గుడి ఇంకా కొంచెం దూరం ఉందనగానే ఆపమన్నాను, కాళ్ళు సాగడానికి. "పూర్తి డబ్బులిచ్చి నడిచేవాళ్ళని మిమ్మల్నే చూశానండి" అన్నాడు ఆటో అతను. "గుడి ముందు దిగి కుంటితే నువ్వే జాలిపడతావు. నాకు జాలి పడదు" అన్నాను.

ఎనిమిదిన్నరకి అభిషేకం టిక్కెట్టు తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చాం. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వెయ్యాలి, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఆ అమ్మాయి నేర్పింది అదే. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాను. మా ఆవిడ వెనకాలే వస్తోంది. "ముందు నడవ్వే. నేను పడితే ఇద్దరం పోతాం" అన్నాను. "పడితే పట్టుకుందామనే కదండీ వెనకున్నాను" అంది. వెనక నుంచి ఒకాయన చెయ్యి అందించబోయాడు. మొక్కు నా కాళ్ళ మీద ఉంది బాబూ, పక్కనుంచి వెళ్ళండి అన్నాను. చివరి మెట్టు ఎక్కేసరికి తొడలు వణుకుతున్నాయి. అయినా ఎక్కాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

పైన పూజారిగారు రెండు పీటలు వేసి, "దంపతులు కూర్చోండి" అన్నారు. నేల మీద కూర్చోవద్దని ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పింది. ఇంట్లో కుర్చీలోనే తింటున్నాను. ఇన్ని నెలలూ మెట్లు, మెట్లు అనుకున్నామే గానీ, పైకెక్కాక కూర్చోవాలన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. స్తంభం పట్టుకుని వంగబోయాను. సగంలో మోకాలు పట్టేసింది. మా ఆవిడ అప్పటికే పీట మీద కూర్చుంది. గబుక్కున లేచి నా చెయ్యి పట్టేసుకుంది.

"వద్దండీ. ఇంత కష్టపడి బాగుచేసుకున్న కాళ్ళు పాడుచేసుకోవద్దు."

"కూర్చుంటామని కదే మొక్కావు."

"మొక్కింది నేను. తప్పయితే నాకే తగలనివ్వండి" అని పీట పక్కకి జరిపి నా పక్కన నిలబడింది. మాట గట్టిగానే ఉంది, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. పూజారిగారు ఏంటని అడిగితే మోకాళ్ళ సంగతంతా చెప్పేసింది. ఆయన నవ్వారు.

"అమ్మా, ఇక్కడ స్వామే రెండంతస్తులు నిలబడి ఉన్నాడు. ఆయన ముందు మీరు నిలబడితే తప్పెలా అవుతుందండీ? గోత్రం చెప్పండి."

మంత్రం సాగుతోంది, లింగం మీంచి పాలు కారుతున్నాయి. మా ఆవిడ మెల్లగా భుజం నా చేతికి ఆనించి, "బరువు వెయ్యండి, ఎవరూ చూడరు" అంది. వేశాను. చూస్తే చూశారు.

నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. చల్లగాలి వీస్తే ఇప్పటికీ పలకరిస్తుంది. వ్యాయామం ఆపితే వారం తిరక్కుండా మళ్ళీ బిగుస్తుంది, అందుకే ఆపను. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇల్లు చేరాం. మా ఆవిడ కాళ్ళు కడుక్కుని వచ్చి, సామర్లకోట భీమేశ్వరుణ్ణి కూడా చూడాలండీ అంది. అక్కడా లింగం రెండంతస్తులే, అక్కడా మెట్లే. ఆవిడకి భక్తి ఎక్కువే, కాదనను. కానీ ఆ గుడే ఎందుకు ఎంచుకుందో నాకు తెలుసు. తెలిసినట్టు ఆవిడకి చెప్పలేదు. వెళ్దాంలే అన్నాను.

మీరు వెళ్ళేట్టయితే ఒక్క మాట. టిక్కెట్టు తీసుకునేటప్పుడే కింద కూర్చోలేమని చెప్పెయ్యండి. అందులో నామోషీ ఏమీ లేదు.