కంట్లో వేసి చూసే కొలువు

మిరపకాయలు కనబడితే నేను ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేస్తాను. ఎందుకో చెబితే నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు మా సేటు మాత్రం ఏడ్చాడు.

నిజాం రాజ్యం పోయిన కొత్తల్లో నేను సూర్యాపేటలో నర్సయ్య సేటు సబ్బుల కార్ఖానాలో ఉండేవాణ్ని. కార్ఖానా అంటే ఒక పెద్ద బాణలి, ఒక పొయ్యి, నేను. కాస్టిక్ సోడా ఎక్కువైతే సబ్బు కళ్లను మండిస్తుంది. అందుకని వండిన ప్రతిసారీ ఓ చుక్క నా కంట్లో వేసుకుని చూడటమే నా కొలువు.

"నా కన్ను తరాజు లెక్క సేటూ" అని గొప్పలు పోయేవాణ్ని.

ఒకసారి మిర్యాలగూడకు పంపిన సబ్బులన్నీ కళ్లు మండుతున్నాయని తిరిగొచ్చాయి. (వాటిని బాగున్నాయన్నదీ నా కన్నే, ఆ సంగతి వదిలేయండి.) సేటు సోడా తగ్గించి మళ్లీ వండాడు. వాటిని చూడటానికి కోదాడ నుంచి వెంకట్రామయ్య గారనే వ్యాపారి వస్తున్నారు. ఆయన కూడా వద్దంటే కార్ఖానాకు తాళం పడుతుంది, నేను మా ఊరు పెన్‌పహాడ్ పోయి నాగలి పట్టాలి. నాగలికీ నాకూ చిన్నప్పటి నుంచే పడదు.

ఆయన వచ్చేలోగా, సేటు భార్య లక్ష్మమ్మ గారు ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే సాయంగా కూర్చున్నాను. మెప్పు కోసమే. గంపెడు తీశాను.

వ్యాపారి వచ్చారు. చేతులు తువ్వాలకు తుడుచుకుని, గిన్నెలో నీళ్లు పోసి సబ్బుముక్కను వేళ్లతో కలిపి, దర్జాగా ఓ చుక్క కంట్లో వేసుకున్నాను. తర్వాత ఎంత ఎత్తు ఎగిరానో నాకు తెలియదు.

"ఇది సబ్బా, నిప్పా అండీ?" అన్నారు వ్యాపారి.

"వాడు ఉత్తగనే పరేషాన్ చేస్తున్నడు. నేను సూపిస్త ఆగుండ్రి" అని సేటు అదే గిన్నెలోని నీళ్లు రెండు కళ్లలోనూ చల్లుకున్నాడు. ఇప్పుడు ఎగిరేవాళ్లం ఇద్దరమయ్యాం.

చప్పుడు విని లక్ష్మమ్మ గారు వచ్చారు. "ఏం రా యాదగిరీ, మిరపకాయలు ముట్టిన చేతులు కడుక్కున్నవా?"

"తువ్వాలకు తుడుసుకున్న అమ్మా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది."

ఆవిడ ఆ కొత్త సబ్బుతోనే మా చేతులు, ముఖాలు బరబరా రుద్ది కడిగారు. కాసేపటికి మంట తగ్గింది. అంతా చూసిన వ్యాపారి తనూ ఒక ముక్క తీసుకుని, మంచినీళ్లలో కలిపి కంట్లో వేసుకున్నారు. రెప్ప కూడా కొట్టలేదు.

"మిరపకాయ మంటనే దించిందంటే మా కోదాడలో బాగా పోతుందండీ. ఉన్నవన్నీ బండికెక్కించండి" అన్నారు.

సేటు నన్ను తీసేయలేదు. పని మాత్రం పెంచాడు. అప్పటి నుంచి ఏ వ్యాపారి వచ్చినా నేను ముందు గుప్పెడు మిరపకాయలు నలిపి, తర్వాత సబ్బుతో చేతులు కడిగి, ఆ వేలే కంట్లో పెట్టుకుని నవ్వుతూ నిలబడాలి.

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టు: ఈ జన్మలో ఎవరి మెప్పు కోసమూ తొడిమ తీయను. మా ఇంటావిడ అడిగినా సరే.