మందులకు లొంగని మంట

వీరవేణి కడియంలో ఒక పెద్ద నర్సరీకి కూలికి వెళ్లేది. కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం, లారీ వస్తే మొక్కలు ఎక్కించడం ఆమె పని. తోట ఎకరాల కొద్దీ ఉన్నా ఆడవాళ్లు ఒంటికి వెళ్లడానికి చాటంటూ లేదు. మొక్కలు కొనేవాళ్లు వరసల మధ్య తిరుగుతూనే ఉంటారు. అందుకని పొద్దున్న ఆటో ఎక్కేముందే నీళ్లు మానేసేది. దాహమేస్తే పెదాలు తడుపుకుని ఊరుకునేది.

మూత్రానికి వెళితే మంట అలా మొదలైంది. భర్త గణేష్‌బాబుతో చెప్పడానికి సిగ్గుపడింది. మందుల కొట్టు అప్పాజీతో వేడి చేసిందంటే చాలు, అతనికి అర్థమయ్యేది. అతనిచ్చిన బిళ్ళలు రెండు పూటలు వేసుకునేసరికి హాయిగా ఉండేది. మిగతావి పక్కన పెట్టేసేది. మళ్లీ మంట వస్తే అతను మరో రకం ఇచ్చేవాడు. అదీ కొన్నాళ్లే. ఏళ్లు అలాగే గడిచాయి.

ఒక వేసవిలో లారీ దగ్గర ఉండగా ఆమెకు చలి పుట్టి వణుకొచ్చింది. నడుములో ఒక పక్క కోసినట్టు నొప్పి. తోటి కూలీ మరిడమ్మ ఆమెను నీడలో కూర్చోబెట్టి గణేష్‌బాబుకు ఫోన్ చేసింది. అప్పాజీ బిళ్ళలేవీ అప్పటికే పనిచేయడం లేదు. గణేష్‌బాబు ఆమెను కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ మూత్రాన్ని, అందులో క్రిములు ఏ మందుకు చస్తాయో చూసే కల్చర్ పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చాక మంచం పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది. క్రిములు కిడ్నీ దాకా పాకాయి, మామూలు బిళ్ళలు వేటికీ లొంగడం లేదు, ఇక ఇంజెక్షన్లే.

"నేను చేసిన తప్పేంటండి? మంటొస్తే మందేసుకున్నాను, అంతే కదండి."

"మీ ఒక్కరి తప్పు కాదమ్మా. మందు మాటిమాటికీ వాడి మధ్యలో ఆపేస్తుంటే చావగా మిగిలిన క్రిములు మొండికేస్తాయి. ఈ ఇంజెక్షన్ ఇప్పటికి పనిచేస్తుంది. ఇదీ పనిచేయని రోజొస్తే నా దగ్గర ఇంకేం మిగలదు."

నీళ్లు సరిగ్గా తాగుతున్నారా అని డాక్టరమ్మ అడిగితే, వీరవేణి మొదటిసారి ఉన్నదంతా చెప్పింది. గణేష్‌బాబు తలవంచుకుని విన్నాడు.

"ఇన్నేళ్లూ నాతో అనలేదేంటి?" అన్నాడు తర్వాత.

"చెప్పి ఏం చేస్తాం," అంది గోడవైపు తిరిగి.

జ్వరం మెల్లగా తగ్గింది. సూదులకు చేతి నరాలు వాచిపోయాయి. కాస్త ఓపిక రాగానే మళ్లీ పనికి వెళ్లి, ఆడవాళ్లకు ఒక బాత్రూమ్ కట్టించమని యజమానిని అడిగింది. ఆయన కసురుకోలేదు. చూద్దాంలేమ్మా అన్నాడు. వర్షాలు వెళ్లాక మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ఆమె ఆ పని మానేసింది.

ఇప్పుడు ఇంకా దూరంలో ఉన్న వరలక్ష్మమ్మ గారి చిన్న నర్సరీకి వెళుతోంది. ఇల్లూ తోటా ఒకే ఆవరణలో ఉంటాయి. పెరట్లో బాత్రూమ్ వాడుకోమన్నారు. వీరవేణి సీసాతో నీళ్లు పెట్టుకుని తాగుతోంది. మధ్యాహ్నానికే ఒళ్లు సోలిపోతుంది, కూర్చుని చేసే పనే అడిగి చేస్తోంది. మరిడమ్మను కూడా పనిలోకి తీసుకోమని అడిగింది కానీ, అక్కడ ఒక్కరికే పని ఉంది.